చెరువు నీళ్లు, బురద బుడగలు, పెరిగే ఎండ: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి చుట్టుపక్కల చెరువుల గట్ల మీదికి ఏటా పిల్లలను తీసుకువెళ్లడం నాకు అలవాటు. తరగతి గదిలో నోరు విప్పని వాళ్లు కూడా, బురదలో కర్ర గుచ్చి బుడగలు లేపగానే వరుసగా ప్రశ్నలు వేస్తారు. గేదెలు తోలుకొచ్చినవాళ్లు, వల వేసేవాళ్లు, సాయంత్రం నడకకు వచ్చిన ఉద్యోగులు కూడా ఆగి ఒక మాట అడుగుతారు. మనుషులు మారుతున్నారు గానీ సందేహాలు మారడం లేదు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఎవరికి ఏది కావాలో అది మాత్రమే చదువుకోవచ్చు.

## మొదట అడిగేవి

చెరువు ఉంటే ఊరికి చల్లదనం కదా, అది వేడిని పెంచే వాయువులు వదలడం ఏమిటి?

రెండూ నిజమే. నీరు ఆవిరైనప్పుడు గట్టు మీది గాలి చల్లబడుతుంది. ఆ చల్లదనం ఆ చుట్టుపక్కలకే, ఆ పూటకే. అడుగున జరిగే పని వేరు. వానకు కొట్టుకొచ్చిన ఆకులు, పేడ, పంట చెత్త, చచ్చిన పాచి అన్నీ కిందికి దిగి కుళ్లుతాయి. ఆక్సిజన్ అందినంత మేర ఆ కుళ్లు కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. బురదలో కొద్ది మిల్లీమీటర్ల లోతుకే ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడి నుంచి కిందంతా ఆక్సిజన్ అంటే గిట్టని సూక్ష్మజీవుల రాజ్యం. ఆర్కియా అనే ఈ తెగ మిగిలిన పదార్థాన్ని మీథేన్‌గా మారుస్తుంది. ఆవు పొట్టలోనూ గోబర్‌గ్యాస్ తొట్టిలోనూ పనిచేసేది ఈ తెగే.

ఏయే వాయువులు వస్తాయి? వాటిలో ఏది చెడ్డది?

ముఖ్యమైనవి మూడు: కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్. వేడి పెంచడంలో, వందేళ్ల లెక్కన కిలో మీథేన్ సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే 80 కిలోల దాకా వెళ్తుంది. మీథేన్ గాలిలో పదేళ్లకు కాస్త అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది, కానీ ఉన్నన్నాళ్లూ గట్టిగా వేడి పట్టుకుంటుంది. నైట్రస్ ఆక్సైడ్ ఇంకా ఘాటు: కిలోకు 273 కిలోలు, పైగా వందేళ్లకు మించి నిలుస్తుంది. పొలాల్లో చల్లిన యూరియాలో పైరుకు అందనిది వాననీటితో కాలువలోకి, చెరువులోకి చేరాక అందులో కొంత ఈ వాయువుగా మారుతుంది. పరిమాణంలో చెరువు వదిలేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడే, కలవరపెట్టేది మాత్రం మీథేన్.

బస్సులు, కార్లు, కర్మాగారాల పొగ ముందు చెరువు ఎంత?

మీథేన్ విషయంలో చిన్నదేమీ కాదు. ప్రపంచంలో గాలిలోకి చేరే మీథేన్‌లో 41 నుంచి 53 శాతం నీటి నుంచే వస్తోందని 2021లో వెలువడిన ఒక అంచనా. ఇందులో చిత్తడి నేలలు, సరస్సులు, నదులు, జలాశయాలతో పాటు వరిమళ్లు, చేపల చెరువులు, సముద్రతీరం కూడా ఉన్నాయి. నదులు, సరస్సులు కలిసి ఏటా సుమారు 210 కోట్ల టన్నుల కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్ రూపంలో గాలికి వదులుతాయి.

అలాగని వాహనాల పొగకు మాఫీ దొరకదు. చెరువు వదిలే కార్బన్‌లో ఎక్కువ భాగం నిన్నమొన్న చెట్టో పైరో గాలి నుంచి తీసుకున్నదే. బొగ్గు, పెట్రోలు అలా కాదు. కోట్ల ఏళ్లుగా భూమిలో దాగి ఉన్నదాన్ని తవ్వి తెచ్చి కొత్తగా గాలిలో కలుపుతున్నాం. ఈ తేడా మరిచిపోయి చెరువును దోషిగా నిలబెట్టేవాళ్లు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చెరువులు ఎప్పటి నుంచో ఉన్నాయి కదా, ఇప్పుడే ఎందుకు ఈ గోల?

చెరువులు పాతవే. వాటిలోకి వచ్చేవి, వాటిపై పడే ఎండ కొత్తవి. పరిశ్రమల యుగానికి ముందు గాలిలో మీథేన్ వంద కోట్లలో సుమారు 730 పాళ్లు ఉండేది. ఇప్పుడు 1900 దాటింది. 2010-2019 నాటికి భూమి వేడెక్కిన సుమారు 1.1 డిగ్రీలలో మీథేన్ వాటా అర డిగ్రీ దాకా ఉందని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్క. మనిషి వల్ల వేడి పెరిగింది. ఆ వేడికి చెరువు ఎక్కువ మీథేన్ వదులుతుంది. దానితో వేడి మరికొంత పెరుగుతుంది. ఇలా తిరిగే చక్రం గురించే శాస్త్రవేత్తల ఆందోళన.

## గట్టు మీద నిలబడి అడిగేవి

బుడగలు వస్తున్నాయి, అది మీథేనేనా? అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుందా?

చాలావరకు మీథేనే. నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా కలిసి ఉంటాయి. ఇదే పని 1776లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా చేశాడు. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా ఈయనే. మజోరె సరస్సు ఒడ్డున బురదను కర్రతో కెలికి, పైకొచ్చిన వాయువును సీసాలో పట్టి, మండుతుందని చూపించాడు. మీథేన్‌ను మనిషి గుర్తించినది అలా, మా పిల్లలు గట్టు మీద ఆడుకునే ఆటతోనే.

అంటుకుంటుందా అంటే, అవును, తగినంత పోగైతే అంటుకుంటుంది. అందుకే గట్టు మీద అగ్గిపెట్టె తీయనివ్వను. బయటి గాలిలో వెంటనే చెదిరిపోతుంది కాబట్టి చెరువు తనంతట తాను అంటుకుంటుందనే భయం అక్కర్లేదు.

బుడగలు ఎప్పుడు ఎక్కువగా లేస్తాయో గమనించండి. నీటిమట్టం తగ్గినప్పుడు బురద మీద బరువు తగ్గి లేస్తాయి. తుపానుకు ముందు గాలి ఒత్తిడి పడిపోయినప్పుడు లేస్తాయి. గేదెలు దిగినప్పుడు సరేసరి. లోతు తక్కువ చెరువులో బుడగ క్షణాల్లో పైకి వస్తుంది కాబట్టి దారిలో దాన్ని తినే జీవులకు చిక్కదు.

చెరువు దగ్గర కంపు కొడుతోంది, అది మీథేన్ వాసనా?

కాదు. మీథేన్‌కు వాసన లేదు. కుళ్లిన కోడిగుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అయితే ఆ కంపు వస్తోందంటే అడుగున ఆక్సిజన్ అయిపోయిందని అర్థం. కాబట్టి పక్కనే మీథేన్ కూడా తయారవుతూ ఉండవచ్చు.

నీళ్లు పచ్చగా ఉన్నాయి. పాచి కార్బన్‌ను పీల్చుకుంటుంది కదా, అది మంచిదే కదా?

పగటిపూట పీల్చుకుంటుంది. మధ్యాహ్నం కొలిస్తే పచ్చటి చెరువు గాలి నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుంటున్నట్టే కనిపిస్తుంది. రాత్రి అదే పాచి ఊపిరి తీసుకుంటూ కొంత తిరిగి వదులుతుంది. చచ్చి అడుగుకు చేరాక ఆర్కియాకు విందు భోజనం అవుతుంది.

ఒక చిన్న లెక్క చెప్తాను. పాచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటే అందులో కార్బన్ 12 కిలోలు. ఆ కార్బన్‌లో పదో వంతు మాత్రమే మీథేన్‌గా తిరిగి వచ్చిందనుకోండి. అది 1.6 కిలోల మీథేన్. వందేళ్ల లెక్కన దాన్ని 27తో గుణిస్తే 43 కిలోలు. మిగతా తొమ్మిది వంతులు శాశ్వతంగా బురదలో ఉండిపోయినా లాభం దాదాపు సున్నా. మురుగుతో పచ్చబడిన చెరువును చూసి సంతోషించలేకపోవడానికి ఈ లెక్కే కారణం.

గుర్రపుడెక్క కప్పేస్తే వాయువులు బయటికి రావు కదా?

మూతలా కనిపిస్తుంది గానీ కథ అంత సులువు కాదు. దాని వేళ్ల దగ్గర మీథేన్‌ను తినే బ్యాక్టీరియా ఉంటుంది, అది కొంత మేలు. కానీ ఆ ఆకులు వెలుతురును ఆపేస్తాయి, కింద ఆక్సిజన్ పడిపోతుంది, చచ్చిన మొక్కలు టన్నుల కొద్దీ అడుగుకు చేరతాయి. తుంగ, జమ్ము, తామర వంటి వాటి సంగతి ఇంకొకటి. వాటి కాడల్లో గాలి గొట్టాలు ఉంటాయి. వేళ్లకు గాలి పంపే ఆ దారిలోనే బురదలోని మీథేన్ నేరుగా పైకి వస్తుంది.

కళ్యాణి డ్యామ్ ఎక్కువ వదులుతుందా, మా ఊరి కుంట ఎక్కువ వదులుతుందా?

మొత్తంగా అయితే పెద్దదానిది ఎక్కువ కావచ్చు. చదరపు మీటరుకు లెక్కిస్తే సాధారణంగా కుంటదే పైచేయి. ప్రపంచంలోని సరస్సులు, కుంటల వైశాల్యంలో పావు ఎకరం లోపు కుంటలది 8.6 శాతమే అయినా, నీటి ఉపరితలం నుంచి మెల్లగా ఆవిరిలా బయటపడే మీథేన్‌లో వాటి వాటా 40.6 శాతమని 2016 నాటి ఒక లెక్క. లోతు తక్కువ, ఒడ్డు ఎక్కువ, ఆకు అలము ఎక్కువ, అడుగు త్వరగా వేడెక్కుతుంది. ఇంకేం కావాలి?

లోతైన జలాశయంలో బుడగ పైకి వచ్చేలోపే కొంత కరిగిపోతుంది. కరిగిన మీథేన్‌లో చాలా భాగాన్ని ఆక్సిజన్ ఉన్న పై పొరలోని బ్యాక్టీరియా తినేస్తుంది. అయితే కొత్తగా కట్టిన జలాశయాల్లో మునిగిన చెట్లు, నేల కుళ్లడం వల్ల మొదటి సంవత్సరాల్లో ఉద్గారాలు ఎక్కువ. ప్రపంచ జలాశయాలన్నీ కలిపి మనిషి వల్ల జరిగే ఉద్గారాల్లో 1.3 శాతం దాకా ఉంటాయని అంచనా.

తిరుమల పుష్కరిణి నుంచి కూడా వస్తాయా?

చెప్పుకోదగినంత రావు. మీథేన్ తయారయ్యేది బురదలో. రాతి మెట్లు, ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు నీరు తీసి శుభ్రం చేసే పద్ధతి ఉన్న కోనేటిలో బురద పేరుకోదు. పాడుబడి చెత్తతో నిండిన ఊరి కోనేళ్ల విషయంలో మాత్రం ఈ హామీ ఇవ్వలేను.

పులికాట్ అంత పెద్ద సరస్సు కదా, అది ఇంకా ఎక్కువ వదలాలి కదా?

వైశాల్యాన్ని బట్టి ఊహిస్తే పొరపాటే. పులికాట్ నీరు ఉప్పునీరు. సముద్రపు నీటిలో సల్ఫేట్ ఉంటుంది. దాన్ని వాడుకునే బ్యాక్టీరియా అడుగున ఆర్కియాకు పోటీకి వచ్చి, వాటి తిండిని ముందే లాగేసుకుంటుంది. అందుకే ఉప్పు ఎక్కువున్న చోట మీథేన్ తక్కువ. ఈశాన్య రుతుపవనాలకు వాగులు నీరు తెచ్చి ఉప్పదనం తగ్గించినప్పుడు ఈ రక్షణ కొంత సడలుతుంది.

ఆఫ్రికాలో ఒక సరస్సు వాయువు కక్కి ఊళ్లకు ఊళ్లను చంపిందట. మన చెరువులు అలా చేస్తాయా?

చేయవు. ఆ సరస్సు కామెరూన్‌లోని నైయోస్. 1986 ఆగస్టు 21 రాత్రి దాదాపు 1,700 మంది చనిపోయారు. అది అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన రెండు వందల మీటర్లకు మించిన లోతు సరస్సు. భూగర్భం నుంచి ఊరిన కార్బన్ డయాక్సైడ్ అడుగున ఏళ్ల తరబడి బందీగా ఉండి ఒక్కసారిగా బయటపడింది. కొద్ది మీటర్ల లోతే ఉండే మన చెరువులో వాయువు అలా దాక్కోవడానికి చోటే లేదు.

## ఎండ పెరిగితే

వేడెక్కితే చెరువు ఎందుకు ఎక్కువ వదులుతుంది?

మూడు కారణాలు కలిసి వస్తాయి. మొదటిది, సూక్ష్మజీవుల పని వేడితో ఊపందుకుంటుంది. అన్నీ ఒకే తీరున పెరిగితే ఫర్వాలేదు. కిరణజన్య సంయోగక్రియ కంటే, మామూలు శ్వాసక్రియ కంటే మీథేన్ తయారీ వేడికి చాలా ఎక్కువగా స్పందిస్తుందని 2014లో ప్రచురితమైన విస్తృత విశ్లేషణ చూపింది. స్థూలంగా పది డిగ్రీలు పెరిగితే రెండు నుంచి నాలుగు రెట్లు. అంటే మొక్కలు దాచే వేగాన్ని బురద వదిలే వేగం దాటిపోతుంది.

రెండోది, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర 7.5. ఆక్సిజన్ తగ్గితే మీథేన్‌ను తినే బ్యాక్టీరియాకు బలం తగ్గుతుంది. మూడోది, వేడెక్కిన పై నీరు తేలిగ్గా పైనే ఉండిపోయి కింది నీటితో కలవదు. గాలి లేని మే నెల మధ్యాహ్నం చెరువులో దిగిన వాళ్లకు ఇది తెలుసు: నడుము దగ్గర వెచ్చగా, పాదాల దగ్గర చల్లగా ఉంటుంది. కింది పొరకు ఆక్సిజన్ చేరదు.

మన దగ్గర ఎండకు చెరువే ఎండిపోతుంది. నీరే లేకపోతే మీథేన్ ఎక్కడిది?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నా నమస్కారం. పుస్తకాల్లో ఉండేవి ఎక్కువగా ఏడాది పొడవునా నీరుండే చల్లటి దేశాల సరస్సులు. మన గొలుసుకట్టు చెరువుల తీరు వేరు. అక్టోబరు, డిసెంబరు మధ్య వానలకు నిండుతాయి, బాగా కురిస్తే మొరవ పోతుంది, ఏప్రిల్, మే వచ్చేసరికి చాలావాటిలో నెర్రెలు కనిపిస్తాయి.

నీరు తగ్గే దశలో మీథేన్ బుడగలు ఎక్కువవుతాయి. లోతు తగ్గింది, అడుగు వేడెక్కింది, బరువు తగ్గింది. పూర్తిగా ఎండాక గాలి నెర్రెల్లోకి దిగి మీథేన్ ఆగిపోతుంది. కానీ అప్పటిదాకా ఆక్సిజన్ లేక కుళ్లకుండా ఉన్న పదార్థం కూడా ఇప్పుడు కుళ్లి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఎండిన చెరువుల, నదుల అడుగు నేలలను లెక్కలో చేరిస్తే, ప్రపంచంలో మంచినీటి వనరుల కార్బన్ డయాక్సైడ్ లెక్క సుమారు 6 శాతం పెరుగుతుందని 2020లో తేలింది. అంటే ఎండిన చెరువును సున్నాగా రాసుకుంటే తప్పే.

మళ్లీ తొలకరి పడగానే, మట్టి వాసన వచ్చే ఆ గంటల్లోనే, నిద్రలేచిన సూక్ష్మజీవులు ఒక్కసారిగా కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆ తరువాత చెరువు నిండి, అడుగున మొలిచిన గడ్డి, సర్కారు తుమ్మ ఆకు మునిగి కుళ్లితే మీథేన్ కొత్త ఏడాదికి ఖాతా తెరుస్తుంది. వానకు ముందే గడ్డి కోసుకుంటే కుళ్లేది తగ్గుతుందని నా అభిప్రాయం. పశువులను మేపినా తగ్గుతుంది, పేడ మిగులుతుందనుకోండి.

2021 నవంబరు లాంటి వరద వస్తే చెరువు కడుక్కుపోయి మంచిదే కదా?

ఆ నవంబరులో రాయలచెరువు కట్టకు నీటి ఊట పడి దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. వాయువుల లెక్కలో వరద రెండు వైపులా పదునున్న కత్తి. పాచిని, మురుగును కొంత కిందికి నెట్టేస్తుంది. అదే సమయంలో కొండల నుంచి, పొలాల నుంచి మట్టిని, ఆకును, ఎరువును తెచ్చి నింపుతుంది. నీరు నిలకడైన తరువాతి నెలల్లో ఆ సరుకంతా కుళ్లుతుంది.

2020, 2021లో మీథేన్ ఒక్కసారిగా పెరిగిందట. చెరువుల వల్లేనా?

చిత్తడి నేలల పాత్ర పెద్దదే. 2021లో గాలిలో మీథేన్ పెరుగుదల, 1983లో క్రమబద్ధమైన కొలతలు మొదలైనప్పటి నుంచి అన్నిటికంటే ఎక్కువ. ఉష్ణమండల చిత్తడి నేలలు ఆ ఏళ్లలో బాగా తడిసి ఉండటం ఒక కారణం. మీథేన్‌ను గాలిలో విరగ్గొట్టే హైడ్రాక్సిల్ 2020లో కొంత తగ్గడం మరొకటి. ఇది గ్యాసు బావుల నుంచి కాక సూక్ష్మజీవుల నుంచి వచ్చిందని చెప్పడానికి ఆధారం ఉంది: సూక్ష్మజీవులు చేసే మీథేన్‌లో కార్బన్-13 అనే బరువైన రకం కార్బన్ తక్కువ. 2007 నుంచి గాలిలోని మీథేన్ ఆ దిశగానే తేలికవుతోంది. అయితే ఆవులు, చెత్తకుప్పలు, వరిమళ్లు కూడా సూక్ష్మజీవుల ఖాతాలోకే వస్తాయి.

## కొలవడం గురించి

కంటికి కనిపించని దాన్ని ఎలా కొలుస్తారు?

బక్కెట్ బోర్లించి. నిజంగానే. నీటి మీద తేలే డబ్బాను బోర్లించి, లోపలి గాలిలో వాయువు ఎంత వేగంగా పెరుగుతోందో కొలుస్తారు. బుడగలకు బోర్లించిన గరాటు. పట్టిన గాలిని, వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో గానీ లేజర్ పరికరంలో గానీ పరీక్షిస్తారు. చిక్కు పరికరంలో లేదు, వేళలో ఉంది. పగలు పదకొండు గంటలకు ఒక్కసారి కొలిచి ఏడాదికి గుణించేస్తే తప్పు లెక్క వస్తుంది. రాత్రి, తెల్లవారుజాము, ఎండిన నెలలు, నిండిన నెలలు అన్నీ కావాలి.

ఉపగ్రహంతోనో గాదంకి రాడార్‌తోనో చూడలేరా?

గాదంకిలోని పెద్ద రాడార్ చూసేది పై వాతావరణంలో గాలుల కదలికను, వాయువుల పాళ్లను కాదు. ఉపగ్రహాలు మీథేన్‌ను చూస్తాయి. కానీ ట్రోపోమి అనే పరికరానికి నేల మీద ఒక చుక్క అంటే సుమారు 5.5 కిలోమీటర్ల నిడివి, 7 కిలోమీటర్ల వెడల్పు. ఆ ఒక్క చుక్కలో మీ చెరువు, పక్క చెరువు, వరిమళ్లు, పాడి పశువులు, చెత్తకుప్ప అన్నీ కలిసిపోతాయి.

## ఏం చేయాలి?

అయితే చెరువులు పూడ్చేస్తే సరిపోతుంది కదా?

ఈ ప్రశ్న ఎక్కువగా స్థలాల మీద కన్నున్నవాళ్లు అడుగుతారు. పూడ్చినంత మాత్రాన మురుగు ఆగదు, కాలువలోనో గుంటలోనో చేరి అక్కడ కుళ్లుతుంది. భూగర్భ జలం తగ్గితే బోర్లు ఇంకా లోతుకు వెళ్తాయి, మోటార్లకు కరెంటు ఇంకా కావాలి. వాననీరు ఇళ్లలోకి వస్తుంది. చెరువు బురదలో వందల ఏళ్లుగా దాగిన కార్బన్ కూడా ఉంది, తవ్వి కదిలిస్తే అదీ బయటపడుతుంది. చెరువును తీసేయడం కాదు, అందులోకి వెళ్లేదాన్ని తగ్గించడం మన పని.

అన్నిటికంటే ముందు ఏం చేస్తే ఫలితం ఉంటుంది?

మురుగును చెరువులోకి రానివ్వకపోవడం. సందేహమే లేదు. మురుగు అంటే ఆర్కియాకు సిద్ధాన్నం, పాచికి ఎరువు, నైట్రస్ ఆక్సైడ్‌కు ముడిసరుకు. మూడు దోషాలూ ఒకే కాలువలో వస్తాయి. శుద్ధి చేశాకే వదలాలి. దాని తరువాత, ఎగువ పొలాల్లో యూరియాను ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వేయడం.

పూడిక తీస్తే మంచిదేనా?

ఎండిన కాలంలో తీసి పొలాలకు తోలుకుంటే మంచిదే. కుళ్లే పదార్థం చెరువు నుంచి తగ్గుతుంది, లోతు పెరుగుతుంది, పొలానికి సారం. గట్టు పక్కనే కుప్ప పోస్తే తొలి వానకే తిరిగి చెరువులోకి వస్తుంది.

వరి పండించేవాళ్లం ఏం చేయాలి? నీరు కట్టకుండా వరి ఎలా?

ఎప్పుడూ నీరు నిలిపి ఉంచనక్కర్లేదు. మడిలో చిల్లుల గొట్టం పాతి, అందులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ కట్టే పద్ధతి ఉంది. పూత దశలో మాత్రం నీరు ఉంచాలి. ఇలా తడిపి ఆరబెడితే మీథేన్ సుమారు సగానికి తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరగవచ్చు, కానీ మొత్తం మీద లాభమే. బోరు నీటితో వరి పెట్టేవాళ్లకు మోటారు గంటలు కూడా తగ్గుతాయి.

చెరువు గ్యాసు పట్టి వంటకు వాడుకోలేమా?

ఎకరాల కొద్దీ పరుచుకుని, ఎక్కడ ఎప్పుడు లేస్తుందో తెలియని బుడగలను పట్టే ఖర్చుతో పదింతల గ్యాసు కొనుక్కోవచ్చు. అదే సూక్ష్మజీవులకు ఇంటి పెరట్లో తొట్టి కట్టి పేడ వేస్తే చెప్పినచోట, చెప్పినట్టు గ్యాసు ఇస్తాయి.

పిల్లలతో చేయించదగిన ప్రయోగం ఏదైనా ఉందా?

ఉంది, ఖర్చు తక్కువ. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న ప్లాస్టిక్ గరాటును బోర్లించి, దాని మూతికి నీటితో నింపిన పారదర్శకమైన సీసాను బిగించండి. రెండూ నీటిలో మునిగి ఉండేలా ఒక గుంజకు కట్టండి. పైకి లేచిన బుడగ సీసాలో చేరి నీటిని కిందికి నెడుతుంది. సీసా మీద ముందే గీతలు గీసి ఉంచితే ఎన్ని మిల్లీలీటర్లో చూడవచ్చు. ఆ గరాటు వైశాల్యం 0.07 చదరపు మీటరు. ఒక రోజులో 50 మిల్లీలీటర్లు పడితే చదరపు మీటరుకు సుమారు 700 మిల్లీలీటర్లన్నమాట. అందులో మీథేన్ ఎంతో ఈ పరికరం చెప్పదు. కానీ డిసెంబరు లెక్కను ఏప్రిల్ లెక్కతో, మురుగు కలిసే మూలను కలవని మూలతో పోల్చుకోవచ్చు. మోకాలి లోతు దాటనివ్వకండి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి, సీసా దగ్గర నిప్పు వద్దు. గుంజకు ఎర్ర గుడ్డ కట్టి, వల వేసేవాళ్లకు ముందే ఒక మాట చెప్పండి. చెప్పనందుకు మా గరాటులు రెండు వలతో పాటే వెళ్లిపోయాయి.